పాట ఆగిన తర్వాత

ఒక పాట మనకు ఇష్టమంటే, ఆ పాట చెప్పే మాట కూడా మనకు సమ్మతమేనా? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని గద్దర్ గొంతు వినగానే ఒళ్లు గగుర్పొడిచే మనమే, ఇల్లు అద్దెకు అడగవచ్చిన మనిషిని ‘మీరేమిట్లు?’ అని ఆరా తీస్తున్నాం. కూలి తల్లి కష్టం మీద పాట వస్తే కళ్లు తుడుచుకునే మనమే, మన ఇంట్లో అంట్లు తోమే తల్లికి విడిగా ఒక గ్లాసు ఉంచుతున్నాం. ఇందులో కపటం ఉందని అనలేం. పాట విన్నప్పటి కన్నీరు నిజమైనదే. ఆ గ్లాసు కూడా నిజమైనదే. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇముడుతున్నాయన్నదే మన ముందున్న ప్రశ్న.

పాట వినోదం కోసం, దానికి నీతితో పనేమిటి అని కొందరు అంటారు. అన్ని పాటలకూ పని అప్పగించనక్కర లేదు నిజమే. జోలపాట బిడ్డను నిద్రపుచ్చితే చాలు. కాని కొన్ని పాటలు పని కోసమే పుట్టాయి. మహారాష్ట్రలో ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజం నుంచి సత్యశోధక జల్సా వచ్చింది. ఆ బాటలోనే అంబేడ్కరీ జల్సా వచ్చింది. భీమ్‌రావ్ కర్డక్ వంటి షాహిర్లు వాడవాడకూ తిరిగారు. ఆ తర్వాత వామన్‌దాదా కర్డక్ వేలాది పాటలు కట్టారు. చదువు అందని వాడల్లో పత్రిక చేయలేని పని పాట చేసింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో జరిగిన దీక్ష ఏమిటో, ఎందుకో ఎన్నో ఇళ్లకు పాటగానే చేరింది. ఆ కవులు చాలాసార్లు జనం నోళ్లలో ఉన్న సినిమా బాణీలనూ, లావణీ, కవ్వాలీ వరసలనూ తీసుకున్నారు. వరస తెలిసిందే, మాట కొత్తది. ఆ కొత్త మాట జనానికి నోటికి రావాలి, నడతలోకి దిగాలి అన్నదే వారి ఆశ.

అయితే ఏ వరస మాటను మోసుకొస్తుందో, ఆ వరసే మాటను మింగేయగలదు. ఈ ప్రమాదాన్ని బుద్ధుడు ముందే గుర్తించాడు. అంగుత్తర నికాయంలోని గీతస్సర సుత్తంలో, ధమ్మాన్ని రాగం తీసి పాడితే కలిగే ఐదు నష్టాలను చెప్పాడు. పాడేవాడు తన స్వరానికే మోహపడతాడు. వినేవారూ ఆ స్వరానికే మోహపడతారు. ఈ భిక్షువులూ మనలాగే పాడుతున్నారని గృహస్థులు తప్పుపడతారు. స్వరాన్ని తీర్చిదిద్దే ఆరాటంలో సమాధి చెదురుతుంది. తర్వాతి తరం దాన్నే అనుసరిస్తుంది. ఇందులో మొదటి రెండూ నేటి అభిమానులమైన మనకు నేరుగా తగులుతాయి.

అంటే బుద్ధుడు సంగీత ద్వేషి అనుకోరాదు. దీఘ నికాయంలోని సక్కపఞ్హ సుత్తంలో పంచశిఖుడనే గంధర్వుడు వీణ మీటుతూ పాడతాడు. ఆ పాటలో బుద్ధ ధమ్మాల ప్రస్తావనతో పాటు ఒక ప్రియురాలి మీది వలపూ ఉంది. బుద్ధుడు కోపగించలేదు. తీగ నాదం గొంతుతో, గొంతు తీగతో చక్కగా కలిశాయని మెచ్చుకుని, ఈ పాట ఎప్పుడు కట్టావని అడిగాడు. అంటే వినడంలో దోషం లేదు. విన్నదే చేసినట్టు అనుకోవడంలోనే దోషం ఉంది. మంచి పాట విన్నాక గుండె తేలికవుతుంది. ఆ తేలికను మనం మంచితనమని పొరబడుతున్నాం. బాధను పాటలో విని కరిగాం కాబట్టి, ఆ బాధపట్ల మన బాధ్యత తీరిపోయిందని మనసు సర్దుకుంటోంది.

రాజకీయం ఈ బలహీనతను బాగా ఎరుగును. ఎన్నికలు రాగానే ఉద్యమంలో పుట్టిన వరసలు ప్రచార రథాలెక్కుతాయి. మాటలు మారతాయి, దరువు అదే ఉంటుంది. దరువుకు అలవాటుపడిన కాళ్లు ఎవరి జెండా అని చూడకుండానే ఆడతాయి. పాటను నిషేధించిన కాలం కంటే పాటను అద్దెకు తీసుకునే కాలం పాటకు ఎక్కువ కీడు చేస్తుందేమోనని మాకు అనిపిస్తుంది. నిషేధించిన పాటను జనం గుట్టుగా దాచుకుంటారు. అద్దెకు పోయిన పాట జనం కళ్ల ముందే బోలుగా మారుతుంది.

గద్దర్ జీవితాన్నే చూద్దాం. ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉండి, ప్రభుత్వాలను ప్రశ్నించిన గొంతు అది. 1997 ఏప్రిల్ 6న ఇంటి వద్ద ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూస్తే, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అల్వాల్‌లో ఆయన స్థాపించిన మహాబోధి పాఠశాల ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. రాజ్యం పాటగాడిని గౌరవించవచ్చు, తప్పులేదు. కాని పాటగాడికి వందనం చేసినంత మాత్రాన పాట అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. ఈ మాట రాజ్యానికి ఎంత వర్తిస్తుందో, ఆ రోజు గుంపుల్లో నిలబడి జోహార్లు పలికిన మనకూ అంతే వర్తిస్తుంది.

అదే 1997లో, జులై 11న, ముంబయిలోని రమాబాయి అంబేడ్కర్ నగర్‌లో బాబాసాహెబ్ విగ్రహానికి జరిగిన అవమానంపై జనం నిరసనకు దిగితే పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. కొద్ది రోజులకే విలాస్ ఘోగ్రే అనే పేద గాయకుడు ఆ దుఃఖం తాళలేక తన ప్రాణం తీసుకున్నాడు. ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘జై భీమ్ కామ్రేడ్’ చిత్రం ఆయన్ను మనకు గుర్తు చేస్తుంది. ఆ చావును ఎవరూ ఆదర్శంగా తీసుకోరాదు. ఆయన బతికి ఉండాల్సిన మనిషి. మేము చెప్పదలచింది ఇంతే: మనకు మూడు నిమిషాల ఉద్వేగమైన పాట, దాన్ని పాడేవాడికి బతుకంతా కావచ్చు. ఆ బరువు వాడొక్కడి మీదే వదిలి, మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోవడం న్యాయమేనా?

డప్పు సంగతి తీసుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. మంట దగ్గర కాచి, చిర్ర, సిటికెన పుల్లలతో దరువేస్తే వేదిక ముందున్న మనకు రక్తం ఉరకలు వేస్తుంది. అదే డప్పు ఊళ్లో తరతరాలుగా వెట్టి. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, రానంటే దెబ్బలు తినాలి. అందుకే ఆత్మగౌరవం కోరి డప్పును వదిలేసిన వాళ్లున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మొదలైన దండోరా అదే డప్పును ఆత్మగౌరవ పతాకగా ఎత్తింది. వదలడమూ సరే, ఎత్తడమూ సరే, ఎందుకంటే రెండూ వారి ఇష్టంతో జరిగాయి. కాని నగరంలో డప్పు కళను పొగిడి, ఊరికి పోయినప్పుడు అదే మనిషిని చావింటికి ఊరకే వచ్చి కొట్టమనే అభిమాని ఉన్నాడే, అతడు డప్పును ప్రేమిస్తున్నాడు, కొట్టే చేతిని కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పొద్దంతా చాకిరీ చేసి వచ్చిన మనిషి కాసేపు పాట వింటే, అతడి మీద కూడా ఇంత బరువు వేయాలా? న్యాయమైన అభ్యంతరమే. వీణా విద్వాంసుడైన సోణుడు భిక్షువై, పాదాలు నెత్తురోడేలా చంక్రమణం చేస్తుంటే, తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా నాదం పలకదని బుద్ధుడు అతనికి గుర్తుచేశాడు. పాట విన్న ప్రతివాడూ ఉద్యమంలో దూకాలనడం తీగను తెగేలా బిగించడమే. పాట పాటే, బతుకు బతుకే అనుకోవడం తీగను వదులు చేయడం. నడుమ ఒక బిగువు ఉంది. ఎవరి కష్టం మీది పాట మనల్ని కదిలించిందో, ఆ కష్టాన్ని మన చేతులతో మనం పెంచకుండా ఉండాలి. ఇది అందరికీ చేతనైన పనే. ఆ విడి గ్లాసు తీసేయడానికి ఏ ఉద్యమమూ అక్కరలేదు.

థేరీగాథల్లో సుమంగళమాత పాడింది ఏ రణరంగం గురించో కాదు. రోకలి నుంచి, వంటపాత్రల నుంచి, తనను లెక్కచేయని మొగుడి నుంచి తనకు దొరికిన విడుదల గురించి. ఏప్రిల్ 14 రాత్రి మన వాడల్లో డీజే హోరెత్తుతుంది. మగవాళ్లం బాబాసాహెబ్ పాటలకు చిందులేస్తాం. ఆ వేళకు మన ఇళ్లలో ఆడవాళ్లు ఎక్కడుంటున్నారో ఒకసారి చూసుకోవాలి. వండి, వడ్డించి, గిన్నెలు కడుగుతూ దూరం నుంచి ఆ పాట వింటున్నారంటే, మన పాట ఇంకా మన గడప దాటి లోపలికి రాలేదన్నమాట. ఆ రాత్రి డీజే ఆగాక ఆ గిన్నెలు మనం కడుగుదాం. పాట మనకు ఎంత ఇష్టమో ఆ పనిలోనే తేలుతుంది.