స్మరణము తప్పినవాని భక్తి

శ్రవణము, కీర్తనము, స్మరణము మున్నగు తొమ్మిది భక్తిమార్గములను ప్రహ్లాదుడు తండ్రికి తెలిపిన వృత్తాంతము భాగవతము సప్తమస్కంధమున కలదు. వినుటకు చెవి, తలచుటకు మనస్సు కావలయును గదా! ఆ రెండును వ్యాధిచే దెబ్బతిన్నవాని గతి యేమి? అతని భక్తికి లోపము కలుగునా? ఈ ప్రశ్న నేడు కొన్ని గృహములలో నిజముగనే ఉదయించుచున్నది.

2020వ సంవత్సరమున లోకమంతటను వ్యాపించిన కోవిడ్ వ్యాధి కొందరిని పూర్తిగా విడువలేదు. మిగిలిపోయిన ఆ బాధలను లాంగ్ కోవిడ్ అనుచున్నారు. సాధారణముగా వ్యాధి మొదలైన 3 మాసములకు కానవచ్చి, కనీసము 2 మాసములుండి, వేరొక కారణము చెప్పరాని బాధయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనిని నిర్వచించినది. అలసట, ఆయాసము, మరపు ఇందు ముఖ్యములు. కొందరికి చెవిలో హోరు, వినికిడి తగ్గుట, తల తిరుగుట, నడకలో తూలుట కూడ కలుగుచున్నవి. శబ్దమును గ్రహించు నత్తగుల్లవంటి భాగమును, శరీరపు నిలుకడను తెలుపు మూడు అర్ధవలయ నాళములును లోచెవియందు ఒక్కచోటనే యున్నవి. కావున వినికిడియు నిలుకడయు కలిసి చెడుట కలదు.

అట్టివాడు పైకి ఆరోగ్యవంతుని వలెనే కనబడును. కాని సంకల్పము నడుమ మరచును. సహస్రనామ పారాయణమున నామము తప్పి మరల మొదటికి వచ్చును. ప్రదక్షిణమున గోడ పట్టుకొనును. పిలిచిన పలుకడు. చూచువారు శ్రద్ధ తగ్గినదందురు. అంతకంటె బాధాకరమేమనగా, అతడును తన్ను అట్లే నిందించుకొనును.

భూదేవికి వరాహస్వామి ఉపదేశించిన చరమశ్లోకము శ్రీవైష్ణవులకు సుపరిచితము. వేదాంతదేశికులు దీనిపై రహస్యశిఖామణి యను గ్రంథమును రచించిరి. మనస్సు స్వస్థముగా, ధాతువులు సమముగా నున్నప్పుడు తన్ను తలచినవాడు అంత్యకాలమున కట్టెవలె, రాతివలె పడియున్నను, అతనిని తానే స్మరించెదనని స్వామి ప్రతిజ్ఞ. తెలివి యంతయు తప్పినవానినే మరువని స్వామి, నామము నడుమ తడబడినవానిని మరచునా? ఇది కైముతికన్యాయము.

అట్లైన ప్రయత్నమే అక్కరలేదా యని శంక కలుగవచ్చును. శక్తి యుండియు తలపకుండుట ఉపేక్ష. శక్తి లేక తలపజాలకుండుట వ్యాధి. శ్లోకము సైతము స్వస్థుడై యున్ననాటి స్మరణమునే కోరుచున్నది. వ్యాధికి చికిత్స చేయించుకొనుటయు ధర్మమే. అకస్మాత్తుగా వినికిడి తగ్గినచో దినములు గడపక చెవి వైద్యుని చూడవలెను. తూలువారికి నిలుకడను మెరుగుపరచు వ్యాయామములు కలవు.

ఇక ఇంటివారి కర్తవ్యము. వినబడనివానికి ఎదుట కూర్చుండి నెమ్మదిగా, స్పష్టముగా చెప్పవలెను. మరచిన నామమును మందలింపక అందింపవలెను. తూలువానికి చేయూత నీయవలెను. సాష్టాంగమునకు మారుగా అంజలి చాలునని ధైర్యము చెప్పవలెను. భగవంతుడే ఎవని కొరకు స్మరణభారమును వహించుచున్నాడో, వానికి ఒక్క నామమందించుట భారము కాదు. అది భాగవత కైంకర్యము.