యముడి గుమ్మంలో పిల్లలు

2024లో ఆశ్వయుజ బహుళ అమావాస్య అక్టోబరు 31న పడింది. అంటే అమెరికాలో దీపావళీ హాలోవీనూ ఒకే సాయంత్రం. టెక్సస్‌లో మా అమ్మాయి వాళ్ళుండే ఫ్రిస్కోలో, వాళ్ళ వీధి పొడుగునా ఎక్కడ చూసినా మనవాళ్ళే. ఒక గుమ్మానికి మామిడాకులు, పక్క గుమ్మంలో అస్థిపంజరం, కొన్నిచోట్ల రెండూ.

పొద్దున్న నడకలో కలిసే కాకినాడ వదినగారికి ఇది మింగుడుపడలేదు. "లక్ష్మీదేవి వచ్చే వేళకి గుమ్మంలో దయ్యాల బొమ్మలేమిటండీ? పిల్లలకి ఆ వేషాలు వెయ్యడం అపచారం కాదూ?" అని నన్ను నిలదీశారు. అమలాపురంలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను కాబట్టి శాస్త్రం కూడా నాకు తెలిసే ఉంటుందని ఆవిడ నమ్మకం.

కొట్టిపారేసే ప్రశ్న కాదది. మంగళానికీ అమంగళానికీ మధ్య గీత మన ఇళ్ళల్లో చాలా గట్టిది. పండగపూట చావు మాట ఎత్తకూడదు. మైలవాళ్ళు గుడికి వెళ్ళరు. వీధిలో శవం ఉంటే, అది లేచేదాకా గుడి తలుపులు తియ్యరు. అలాంటిది, ఏడాదిలో పెద్ద పండగల్లో ఒకటైన దీపావళికే చనిపోయినవాళ్ళతో పని ఉందని మనలో చాలామంది మరిచిపోయారు.

మహాలయ పక్షంలో పితృదేవతలు మన లోకానికి వస్తారని, ఈ అమావాస్య చీకట్లో తిరిగి వెళ్తారని నమ్మకం. వాళ్ళకి దారి కనపడేలా సందెవేళ దక్షిణ దిక్కుకి కాగడా చూపించాలి. ధర్మశాస్త్రాల్లో దీన్ని ఉల్కాదానం అన్నారు. మా కోనసీమలో మాకా మాటే తెలీదు, దివిటీలు కొట్టడం అనేవాళ్ళం. గోగు కాడలకి పాతగుడ్డ పేలికలు చుట్టి, నూనెలో ముంచి, వెలిగించి, పాట పాడుతూ నేలకేసి కొట్టేవాళ్ళం. ఆ తరవాత వెనక్కి చూడకుండా లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కుని మిఠాయి తినాలి. మతాబులూ చిచ్చుబుడ్లూ దాని తరవాతే. ఆ దివిటీ ఎవరికోసమో మాకెవరూ చెప్పలేదు. అడిగితే "పండగపూట పిచ్చి ప్రశ్నలు వెయ్యకు" అనేది మా నాయనమ్మ.

హాలోవీన్‌కి కూడా చనిపోయినవాళ్ళున్నారు. నవంబరు 1 సకల పునీతుల పండగ, 2 చనిపోయిన విశ్వాసులందరి దినం. మన ఊళ్ళల్లో కతోలిక క్రైస్తవులు సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండగ ఇదే. సకల పునీతుల పండగకి ముందురోజు సాయంత్రమే హాలోవీన్. ఐర్లండులో అంతకుముందున్న సావిన్ అనే పంటకాలపు పండగ ఛాయలు కూడా అందులో ఉన్నాయంటారు. ఇంగ్లండులో ఒకప్పుడు ఈ పండగ రోజుల్లో బీదవాళ్ళూ పిల్లలూ ఇంటింటికీ వెళ్ళేవారు. ఇంటివాళ్ళు చిన్న రొట్టె పెడితే, ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళ ఆత్మలకోసం ప్రార్థన చేసి వెళ్ళేవారు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంటులు వచ్చి, చనిపోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు ప్రార్థించి లాభం లేదన్నారు. ప్రార్థన పోయింది, గుమ్మాలు తిరగడం అక్కడక్కడా మిగిలింది. ఐరిష్, స్కాటిష్ జనం వలస వచ్చాక అమెరికాలో పండగ కుదురుకుంది. అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవారు, ఇక్కడ గుమ్మడికాయ దొరికింది. ఇప్పుడు మా వీధి చివర దుకాణంలో చాక్లెట్ల సంచుల గుట్ట చూస్తే, దాని వెనక ఎవరి ఆత్మో ఉందని ఎవరూ అనుకోరు.

నాకు తోచింది ఇదీ. ఈ దేశంవాళ్ళు చనిపోయినవాళ్ళని వదిలేసి పండగని పిల్లల చేతిలో పెట్టారు. మనం చనిపోయినవాళ్ళని అట్టేపెట్టుకుని పిల్లల్ని పక్కగదిలో కూర్చోబెట్టాం. తద్దినంనాడు మా ఇళ్ళల్లో చిన్నపిల్లలు చేసేదేమిటి? మడి కట్టుకున్నవాళ్ళని తాకకుండా టీవీ చూడటం.

పండగకి రెండు రోజుల ముందు మా ఆరేళ్ళ మనవరాలు తెల్లదుప్పటికి రెండు కన్నాలు పెట్టించుకుని, కప్పుకుని, అద్దంలో చూసుకుని, నన్నడిగింది. "అమ్మమ్మా, తాతయ్య కూడా ఇలా అయ్యాడా?"

మావారు పోయిన తరవాత అది ఈ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. అమ్మాయి వెంటనే "చాక్లెట్ తింటావా తల్లీ?" అంది. అల్లుడు "తాతయ్య నక్షత్రం అయ్యాడురా" అన్నాడు. మంచివాళ్ళే ఇద్దరూ. కానీ మావారు హైస్కూల్లో సైన్సు మేష్టారు. నక్షత్రమంటే ఏమిటో పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, సున్నాలు వేసిన మనిషిని పట్టుకుని నక్షత్రం చేస్తే ఎలా?

నేను పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "దయ్యం కాలేదమ్మా. తాతయ్య శరీరాన్ని నిప్పుకిచ్చాం, బూడిద గోదాట్లో కలిపాం. తాతయ్య ఇప్పుడు ఎక్కడున్నాడో నేను చూళ్ళేదు, నాకు తెలీదు. ఆయనకి దీపం మాత్రం చూపించచ్చు. చూపిస్తావా?" అన్నాను. అమ్మాయి నావైపు గుడ్లురిమి చూసింది. పిల్ల మాత్రం "దుప్పటి వేసుకునే చూపించాలా?" అంది.

అక్కర్లేదన్నాను. ఈ వేషాల గుడ్డలు నిప్పుకి ఆగవు. అందుకని పండగ సాయంత్రం పనులు ఒక వరసలో పెట్టుకున్నాం. ముందు నూలు పరికిణీ, దివిటీ. తరవాత పూజ. ఆపైన దయ్యం. గోగు కాడలకి వెతుక్కోనక్కర్లేదు, డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెరట్లో గోంగూర లేని ఇల్లు అరుదు. ముదిరిన కాడలు నాలుగు విరిచి పేలికలు చుట్టాను. ఫ్రిస్కోలో బాణాసంచా కాల్చనివ్వరు, ఇదీ అలాంటిదే అంటారేమోనని అల్లుడికి భయం. పెరట్లో సిమెంటు గచ్చు మీద, నీళ్ళగొట్టం చేత్తో పట్టుకుని మరీ నిలబడ్డాడు.

తర్పణంలో మూడు తరాల పేర్లు చెప్తారు. తండ్రిని వసువుగా, తాతని రుద్రుడిగా, ముత్తాతని ఆదిత్యుడిగా భావిస్తారు. తర్పణం వదిలేది మగవాళ్ళు, ఆ పేర్లు గుర్తుండేది ఆడవాళ్ళకి. మావారు బతికున్నన్నాళ్ళూ ఆయన ముత్తాత పేరు వంటింట్లోంచి నేనే అందించేదాన్ని. కాబట్టి మంత్రం జోలికి పోకుండా, దక్షిణానికి తిరిగి, ఒక్కొక్క పేరూ చెప్పి, ఆ మనిషి గురించి ఒక్క ముక్క చెప్పాను. తాతయ్య, సున్నాలు వేసే మేష్టారు. ఆయన తండ్రి, చుట్ట కాల్చనని ఒట్టుపెట్టి పెరట్లో కాల్చేవాడు. ఆయన తల్లి, పడవెక్కాలంటే వణికిపోయేది. "కోనసీమలో ఉండి పడవంటే భయమా!" అని మా పదేళ్ళ మనవడు పడీపడీ నవ్వాడు. నవ్వనిచ్చాను. పేరే తెలియనివాళ్ళని చూసి ఎవరు నవ్వగలరు?

వదినగారి ప్రశ్నకి నా జవాబు అప్పుడు నాకే తేటపడింది. దయ్యం వేషంలో అపచారం లేదు. శ్మశానంలో కాపురముండి భూతాల్ని వెంటేసుకు తిరిగే దేవుడికి మనం రోజూ దణ్ణం పెడుతున్నాం. పిల్లలకి బేతాళ కథలు చెప్పి నిద్రపుచ్చుతున్నాం. భయాన్ని చేత్తో పట్టుకుని చూడటం పిల్లలకి కావాలి. నాకు గిట్టనిది వేరే ఉంది. వెనకవీధిలో ఒకరు పచ్చికమీద నెత్తురోడే చేతులు, తల లేని చంటిపిల్ల బొమ్మ పెట్టారు. అది చావుతో ఆడుకోవడం కాదు, ఒకరి నొప్పితో ఆడుకోవడం. ఆ దారినే పిల్లని పోగొట్టుకున్న తల్లి నడిచి వెళ్ళచ్చు. మా పిల్లల్ని ఆ ఇంటికి వెళ్ళనివ్వలేదు, ఎందుకో కూడా చెప్పాను.

మిగతా ఇళ్ళకి హాయిగా వెళ్ళారు. దీపం వెలుగుతున్న గుమ్మమే ఎక్కాలి, ఆర్పేసి ఉంటే పిలవకూడదు, ఇక్కడి మర్యాద అది. వేషాల కుచ్చిళ్ళు అంటుకోకుండా మా ప్రమిదల్ని కిటికీ అరుగుల మీదికి ఎత్తేశాం. వచ్చిన మంత్రగత్తెలకి సున్నుండలు పెడదామనుకున్నాను కానీ అమ్మాయి ఆపింది. ఇంట్లో చేసినవి, కాగితం చుట్టనివి తల్లిదండ్రులు పారేస్తారట. దసరాకి పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగి దోసిట్లో పప్పుబెల్లాలు పట్టిన తరానికి అది కొంచెం కష్టంగానే ఉంటుంది. కొన్ని ఇళ్ళముందు నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు గుమ్మడికాయ ఉంది. వేరుశెనగా పాలూ పడని పిల్లలకి అక్కడ పెన్సిళ్ళూ బొమ్మలూ ఇస్తారు. 2014 నుంచి దేశమంతా పాకిన ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. పుచ్చుకునేవాడికి ఏది పడుతుందో చూసి ఇవ్వడమే కదా దానం.

రాత్రి సంచులు బోర్లించి, జెలటిన్ ఉన్న గమ్మీలు, మార్ష్‌మాలోలు, క్యాండీ కార్న్ ఏరి పక్కన పెడుతూ పిల్లలకి నచికేతుడి కథ చెప్పాను. కోపంలో తండ్రి "నిన్ను యముడికిచ్చాను ఫో" అంటే ఆ పిల్లాడు నిజంగానే వెళ్ళాడు. యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలోనే ఉన్నాడు. అతిథిని పస్తుంచిన తప్పుకి యముడు మూడు వరాలిచ్చాడు. మూడోది, చనిపోయాక మనిషి ఉంటాడా ఉండడా చెప్పమన్నాడు. యముడంతటివాడు నీళ్ళు నమిలాడు. పూర్వం దేవతలకే ఈ సందేహం తీరలేదన్నాడు. ఏనుగులిస్తాను, గుర్రాలిస్తాను, బంగారమిస్తాను, నూరేళ్ళు బతికే మనవలనిస్తాను, ఇదొక్కటి అడక్కన్నాడు. నీ రథాలూ నీ ఆటపాటలూ నువ్వే ఉంచుకో, నాకు జవాబు కావాలన్నాడు ఆ పిల్లాడు.

అమ్మాయి సింకు దగ్గర గిన్నెలు కడుగుతోందల్లా కుళాయి కట్టేసి వింది. ఎవరు ఎవరికి చాక్లెట్ ఇవ్వబోయారో దానికి తెలుసు, నేను వేరే చెప్పనక్కర్లేదు.

మనవడికి మాత్రం కథలో వేరే చిక్కు కనిపించింది. "మూడు రాత్రులు ఆకలితో ఉండటమేమిటి అమ్మమ్మా? ఇంట్లో లేనప్పుడు యముడు గుమ్మంలో చాక్లెట్ల గిన్నె పెట్టి, తలా ఒకటి తీసుకోండని చీటీ అంటించి వెళ్ళచ్చుగా?"