క్షమయా, అనుమోదనమా?

హింసను తాను చేయుట కృతము, ఇతరులచే చేయించుట కారితము, చేసినదానిని ఔననుట అనుమోదితము అని జైన శాస్త్రము. చీమను తొక్కకుండ నడచువానికి మొదటిది సులభముగనే తెలియును. మూడవదే చిక్కైనది.

1938 ఏప్రిల్ 25వ తేదీన, నాడు కోలారు జిల్లాలో చేరియుండిన విదురాశ్వత్థములో, నిషేధాజ్ఞను కాదని జనులు కాంగ్రెసు జెండాతో సభకు కూడిరి. విదురుడు నాటినదని చెప్పుకొను రావిచెట్టు, చుట్టును నాగశిలలు. అట్టి చోట పోలీసులు తుపాకులు కాల్చిరి. మృతులు 10 మంది అని సర్కారు లెక్క, 32 మంది అని జనుల లెక్క.

కాల్చిన జవాను జీతమునకు కట్టుబడినవాడు. అతనికి ఆజ్ఞ ఇచ్చినవాడు అధికారి. అధికారి వెనుక మైసూరు సంస్థానము. దానిపైన, 1881లో రాజ్యమును షరతులతో ఒడయరులకు తిరిగి ఇచ్చిన బ్రిటిషు ప్రభుత్వము. కోలారు బంగారు గనులలో జాన్ టేలరు కంపెనీ రూపమున దొరతనము కంటికి కనబడుచుండెను. విదురాశ్వత్థములో దానికి ముఖము చూపవలసిన పనియే లేకపోయెను. చేతికి మరక అంటకుండ ఏలుట యనగా ఇదియే కాబోలు! మరి, “వద్దన్న చోటికి వారెందుకు పోవలె?” అని అరుగుమీద కూర్చుండి అన్నవాని మాట? అతడు ఎవరిని కొట్టలేదు, కొట్టుమనలేదు. అయినను మూడవ లెక్కలో అతని పేరు చేరకపోదు.

పిమ్మట వల్లభభాయి పటేలు, ఆచార్య కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుతో మాటలాడిరి. కొలది వారములలోనే, సంస్థానపు జెండాతో పాటు కాంగ్రెసు జెండాను ఎగురవేయుటకు అనుమతి దొరకినది. ఏప్రిల్‌లో ప్రాణములు తీసిన నేరము మే నెలలో నేరము కాకపోయెను. ఇంత సులభముగ ఇవ్వదగినదానిని ముందే ఏల ఈయరైరి?

1947లో “మైసూరు చలో” ఉద్యమము నడచినది. ఆ అక్టోబరులో క్యాసంబళ్ళికి చెందిన కె. చెంగలరాయ రెడ్డిగారు సంస్థానమునకు తొలి ముఖ్యమంత్రి అయిరి. అప్పటి మహారాజు జయచామరాజ ఒడయరు రాజప్రముఖులుగను, 1956 తరువాత గవర్నరుగను కొనసాగిరి. పగ సాధించవలెనని ఎవరును పట్టుబట్టలేదు. ఇది చిన్న విషయము కాదు. ఎన్నియో దేశములలో ఇట్లు జరుగలేదు.

అయితే ప్రతిక్రమణము చేయువారు దోషమును పేరుపెట్టి చెప్పిన పిమ్మటనే దానినుండి మరలుదురు. పేరు చెప్పకయే దాటిపోయినచో అది క్షమ యగునా, ఆలస్యముగ చేసిన అనుమోదనము అగునా? చంపినవారిని చనిపోయినవారి బంధువులు క్షమింపవచ్చును. కాని 10కిని 32కును నడుమ, సర్కారు లెక్కకు రాకయే పోయినవారి తరపున క్షమించు అధికారము ఎవరికి కలదు?