ఒకే కప్పు కింద ఉంటూ అద్దె సాయం కోరవచ్చా?

సంపన్నుల ధనంలో అడిగేవారికీ, అడగలేని అభాగ్యులకూ నిర్ణీత హక్కు ఉందని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (70: 24, 25). కనుక నిజంగా అవసరంలో ఉన్న మనిషి సాయం అందుకోవటం సిగ్గుపడవలసిన పని కాదు. అయితే ప్రతి హక్కుకూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి చెయ్యి చాపటమంటే మరో పేదవాని కంచంలో చెయ్యి పెట్టటమే.

మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు కొందరు చదువులకనీ ఉద్యోగాలకనీ బ్రిటన్ వెళ్ళారు. వారిలో కొందరు అక్కడే స్థిరపడి తల్లిదండ్రులతో, అన్నదమ్ములతో ఒకే ఇంట్లో ఉంటున్నారు. కలిసి ఉండటం మనకు అలవాటే, శుభప్రదమే. చిక్కల్లా అద్దె సాయం దగ్గర వస్తుంది. ఆ దేశంలో తక్కువ ఆదాయం గలవారికి ప్రభుత్వం అద్దె కట్టేందుకు సాయపడుతుంది. మొదట హౌసింగ్ బెనిఫిట్ పేరుతో ఇచ్చేవారు. 2013 నుండి మొదలైన యూనివర్సల్ క్రెడిట్ క్రమంగా చాలామంది విషయంలో దాని స్థానాన్ని తీసుకుంది.

ఈ సాయానికి కొన్ని షరతులున్నాయి. ఇంటి యజమాని మన తల్లిదండ్రులో, అత్తమామలో, కొడుకో, కూతురో, తోబుట్టువులో అయి ఉండి, వారూ మనతోపాటు అదే ఇంట్లో ఉంటుంటే వారికిచ్చే అద్దెకు సాయం లభించదు. బంధువు తన వేరే ఇంటిని నిజంగా అద్దెకిచ్చి, నిజంగా అద్దె తీసుకుంటుంటే మాత్రం బంధుత్వం ఒక్కటే అడ్డు కాదు. ఇక అద్దె సాయం పొందే వ్యక్తి ఇంట్లో ఎదిగిన కొడుకో, తమ్ముడో కాపురముంటే, అతను కూడా ఎంతో కొంత భరిస్తాడని భావించి ఆ మేరకు సాయం తగ్గిస్తారు. యూనివర్సల్ క్రెడిట్‌లో 21 ఏళ్ళు నిండనివారికి ఈ కోత లేదు. నాలుగు రోజులుండి వెళ్ళే చుట్టాలు ఈ లెక్కలోకి రారు. ఇంట్లో ఎవరు వచ్చి చేరినా, ఎవరు వెళ్ళిపోయినా ఆ సంగతి తెలియజేయటం సాయం పొందేవారి బాధ్యత.

కాగితం మీది అద్దె

ఇక్కడే షైతాను గుసగుసలు మొదలవుతాయి. అన్న ఇంట్లో ఉంటున్న తమ్ముడు ఒక ఒప్పందం రాయించుకుంటాడు. అద్దె బ్యాంకులో పడుతుంది, మరుసటి వారం వేరే దారిలో తిరిగి వస్తుంది. లేదా కొడుకు ఇంట్లోనే ఉంటాడు, అతని చిరునామా మాత్రం స్నేహితుని ఇంటికి మారుతుంది. “కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయిగా!” అంటారు.

శనివారం చేపలు పట్టరాదని ఆదేశించబడిన సముద్రతీర వాసుల గాథ దివ్యఖుర్ఆన్‌లో ఉంది (7: 163). వారిలో కొందరు ముందురోజే వలలు పన్ని, శనివారం గడిచాక చేపలు తీసుకునేవారని వ్యాఖ్యాతలు వివరించారు. పైకి చూస్తే ఆజ్ఞను మీరనట్లే ఉంది. కాని అల్లాహ్ దృష్టిలో అది ఆజ్ఞోల్లంఘనే అయింది. ఇచ్చే ఉద్దేశం, పుచ్చుకునే ఉద్దేశం లేని అద్దె ఒప్పందం కూడా అలాంటి వలే. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న ప్రవక్త (స) బోధన మనలో ఎవరికి తెలియదు?

“ఆఫీసువాళ్ళే మంజూరు చేశారు కదా” అని మరికొందరు సర్దిచెప్పుకుంటారు. వాదనలో నేర్పు గలవాని మాటలు విని తాను అతనికి అనుకూలంగా తీర్పు చెప్పినా, దానివల్ల సోదరుని హక్కు అతనికి దక్కితే తాను కోసి ఇచ్చింది నరకాగ్ని ముక్కేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఈ హదీసును ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). సాక్షాత్తూ ప్రవక్త (స) తీర్పే అధర్మాన్ని ధర్మం చేయనప్పుడు, దరఖాస్తు మీద పడిన ఒక గుమాస్తా సంతకం చేస్తుందా?

“పరాయి ప్రభుత్వం సొమ్మేగా” అన్నది మరో సాకు. మక్కా ఖురైషీలు దైవప్రవక్త (స) ప్రాణం తీయటానికి పన్నాగం పన్నిన రాత్రి కూడా, వారు దాచుకున్న సొమ్ములు వారికి అప్పగించి రమ్మని ఆయన హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్ళారు. ప్రాణశత్రువు అమానతుకే అంత విలువ ఉంటే, మనకు చోటిచ్చి, ఉపాధి ఇచ్చిన దేశపు ప్రజలు పన్నులుగా కట్టిన సొమ్ముకు ఎంత విలువ ఉండాలి? పైగా విద్యార్థి వీసాపైనో, ఉద్యోగ వీసాపైనో వెళ్ళినవారిలో అత్యధికులకు ఇలాంటి సహాయాలు కోరకూడదన్న షరతు వర్తిస్తుంది. ఆ షరతుకు ఒప్పుకునే విమానం ఎక్కారు. చేసిన ఒడంబడికలను నెరవేర్చమన్నది విశ్వాసులకు అల్లాహ్ ఆజ్ఞ (5: 1).

కొడుకు ఎక్కడ ఉన్నట్టు?

ఈ సమస్యలో మరో కోణం ఉంది. సంపాదిస్తున్న కొడుకు ఇంట్లో ఉంటే తండ్రికి వచ్చే సాయం తగ్గుతుంది. అందుకని తండ్రి కొడుకును దాచిపెడతాడు. మనం కాస్త ఆలోచిస్తే, కొడుకు ఇంటి ఖర్చులో చెయ్యి వేస్తాడని ప్రభుత్వం ఊహించి లెక్క కట్టింది. షరీఅత్ అయితే ఊహించి ఊరుకోలేదు, లేమిలో ఉన్న తల్లిదండ్రుల పోషణను శక్తి గల సంతానానికి విధిగా చేసింది. కనుక తగ్గిన ఆ మొత్తాన్ని పూరించవలసింది అబద్ధపు చిరునామా కాదు, కొడుకు జీతం. కొడుకును దాచిన తండ్రి ప్రభుత్వాన్ని మోసగించటమే కాదు, కొడుకు చేత విధి తప్పిస్తున్నాడు. తండ్రి చేత అబద్ధం ఆడించి తన డబ్బు మిగుల్చుకున్న కొడుకు సంగతి వేరే చెప్పాలా?

మరి కొడుక్కి ఉద్యోగం లేకపోయినా కోత పడితే? కోత నిజంగానే బరువనిపించవచ్చు. నియమం కఠినంగా ఉందనిపిస్తే ఆ మాట బాహాటంగా చెప్పవచ్చు. నిర్ణయాన్ని పునఃపరిశీలించమని కోరవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అదనపు సాయం కోసం స్థానిక కౌన్సిల్‌ను అడగవచ్చు. అక్కడి మస్జిదు పెద్దలు కూడా ఇలాంటి ఇళ్ళను గుర్తించి జకాత్, సదఖాలతో ఆదుకోవాలి. ఇబ్బంది నిజమే కావచ్చు, అబద్ధానికి మాత్రం అది అనుమతిపత్రం కాదు.

అలాగే అర్హత ఉండీ మొహమాటంతో అడగనివారినీ మేము చూస్తున్నాం. నిజం చెప్పి, షరతులకు లోబడి తీసుకునే సాయం హలాలే. దాన్ని అందుకునే వితంతువునో, వ్యాధిగ్రస్తునో తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

మన ఊళ్ళలోనూ ఇదే పరీక్ష

ఇది సముద్రాల అవతలి సంగతి మాత్రమే అనుకోకండి. ఒకే పొయ్యి మీద వండుకుంటూ రేషన్ కార్డుల కోసం కాగితం మీద వేరుపడే కుటుంబాలు, సొంత ఇల్లున్నా లేదని రాసిచ్చి ప్రభుత్వ గృహానికి దరఖాస్తు పెట్టేవారు మన మధ్య లేరా? పేర్లే వేరు, ప్రశ్న ఒక్కటే.

దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు మనల్ని మనం అడగవలసింది ఒక్క మాటే: ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో, ఎవరు ఎవరికి ఏమిస్తున్నారో ఉన్నది ఉన్నట్టు రాయగలమా? రాయగలిగితే నిస్సంకోచంగా సంతకం చేద్దాం. సందేహముంటే తెలిసినవారిని అడుగుదాం. సందేహాస్పదమైన దాన్ని విడిచి, సందేహం లేని దాన్ని అవలంబించమన్నారు దైవప్రవక్త (స) (తిర్మిజీ). రాయలేకపోతే ఆ కాగితాన్ని మడిచి పక్కన పెడదాం. ఆ అద్దె డబ్బుతో నిలిచిన కప్పు కిందే మనం నమాజు చేస్తాం, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతాం.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిలో శుభాన్ని, ఉన్నదానిలో సంతృప్తిని, ఇరుకులో సైతం నిజం పలికే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.