స్వహస్తసేవ

ధనమిచ్చి కొన్న వస్తువునకు మనము యజమానులమని తలంచుచుందుము. కాని విలువ చెల్లించినంతమాత్రమున స్వామ్యము పూర్తి యగునా? వస్తువుయొక్క మర్మమెఱిగి, అది చెడకుండ కాపాడువాడే నిజమైన యజమానుడు. తక్కినవాడు దానిని వాడుకొనువాడు మాత్రమే. ఇంటిముందు నిలిచియుండు డీజిలు కారే యిందుకు నిదర్శనము.

మహర్నవమినాడు కారును కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, చక్రములచేత నిమ్మకాయలు త్రొక్కించుచున్నాము. ఆయుధపూజ తప్పని నేననను. కాని యేటి కొక్కనాడు పూజించి, తక్కిన దినములలో నొక్కమాఱైనను బానెట్ ఎత్తి చూడని భక్తి యెట్టి భక్తి? అది మెకానిక్కు పనియనియు, చేతికి మసి యంటుట గౌరవహానియనియు మనలో ననేకులు భావింతురు. కారు క్రొత్తదే గాని, చేతిపనియందలి యీ యేవగింపు మన సంఘమును పట్టిన పాతజాడ్యము.

ఈ యంత్రముయొక్క మర్మము తెలియరానిది కాదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో జయప్రదముగా నడిపి చూపిన నాటినుండియు దీని సూత్ర మొక్కటే. గాలిని మిక్కిలిగా నొత్తినచో వేడెక్కును, ఆ వేడికే డీజిలు మండును, నిప్పురవ్వతో పనిలేదు. కావున శుభ్రమైన గాలియు, నీరు చేరని డీజిలును దీనికి ప్రాణములు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినచో గాలి చాలక పొగ నల్లబడును. డీజిలులో నీరు చేరినచో పంపును ఇంజెక్టర్లును చెడును. బండిని సమతలమున నిలిపి డిప్‌స్టిక్కుతో ఆయిలు చూచుట, గడువు ప్రకారము ఆయిలును ఫిల్టర్లను మార్చుట, డీజిలు ఫిల్టరు నడుగున చేరిన నీటిని వదలుట, ఇవి యోపికగల గృహస్థుడును గృహిణియును నేర్వదగిన పనులే. క్రొత్త ఆయిలు త్వరలోనే నల్లబడినదని భయపడనక్కఱలేదు. మసిని తనలో నిలుపుకొనుటయు దాని పనియే.

గ్రీసుదేశమున థెస్సలొనీకి నగరపు టాక్సీ యజమాని యొకడు 1976 నాటి మెర్సిడెస్ బెంజ్ 240 డి కారును, అది 46 లక్షల కిలోమీటర్లు నడచిన పిమ్మట, 2004లో ఆ కంపెనీవారి ప్రదర్శనశాల కిచ్చివేసెను. ఇంజన్లు పలుమాఱులు మార్చవలసివచ్చెను గాని, శ్రద్ధ మాత్రము మాఱలేదు.

మన పని మనమే చేసికొన్నచో మెకానిక్కు పొట్ట కొట్టినట్లు గాదా యని కొంద ఱాక్షేపింతురు. నేటి ఇంజన్లలో డీజిలు వేయి వాతావరణములకు మించిన యొత్తిడితో పాఱును. ఆ ధార చర్మమును చీల్చి లోనికి చొచ్చును. అట్టి పనియు, జాకీపై మాత్రమే నిలిపిన బండిక్రింద దూఱుటయు గృహస్థునకు తగవు. నేర్పు వలసినచోట నేర్పరి యుండనే యున్నాడు. ఒక బోల్టును విప్పుటకు చెమటోడ్చినవాడు మెకానిక్కుతో కూలి బేరమాడుటకు వెనుదీయును. వానిని "ఒరేయ్" అని పిలుచుటకును సిగ్గుపడును. నా దృష్టిలో నీ లాభమే మిగిలిన డబ్బుకంటె గొప్పది.

వేఱొక యాక్షేపణ యింతకంటె బలమైనది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2012లో డీజిలు పొగను క్యాన్సరు కారకములలో చేర్చెను. పదియేండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీలో తిరుగరాదని 2015లో జాతీయ హరిత న్యాయస్థాన మాజ్ఞాపించెను. పొరుగువాని బిడ్డ యూపిరితిత్తులను చెఱచి మన బండి యాయువును పెంచుట ధర్మమా? కాదు. తీసిన ఆయిలును మురుగుకాలువలో పోయువాడును తన బండిని బ్రతికించి ఊరి నీటిని చంపుచున్నాడు. దానిని డబ్బాలో భద్రపఱచి, శుద్ధిచేయువారికి చేర్చినప్పుడే పని ముగిసినట్లు.

కావున వస్తుసంరక్షణము లోభమును కాదు, మోహమును కాదు. దుబారాను మానుట దాని మొదటి మెట్టు. ఎంత శ్రద్ధచేసినను పొగ మానని బండిని నిలిపివేయుట దాని తుదిమెట్టు. బండిని చేతులార కాపాడినవానికే ఆ తుదిఘడియ ముందుగా తెలియును. చదువరులారా! పిల్లలకు, కొడుకులకేగాక కూతుండ్రకును, కారు తాళపుచెవి నిచ్చుటకు ముందు బానెట్ ఎత్తుట నేర్పుడు. మసి యంటిన చేయి సబ్బుతో శుభ్రమగును. పనిని హీనముగా నెంచు మనస్సునకు పనియే సబ్బు.