మొక్కు తీరిన తర్వాత

విశాఖ వన్ టౌన్‌లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, పూజకు మధ్యవర్తీ అక్కర్లేదు. ఎవరైనా స్వయంగా తాకి పసుపు కుంకుమ సమర్పించుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో అక్కడ మొక్కులు చెల్లించే జనంలో బిడ్డ జబ్బు నయమైన తల్లిదండ్రులూ ఉండకపోరు. రక్తకాన్సర్ నుంచి బిడ్డ బయటపడితే, మొక్కు తీర్చి ఇక లెక్క సరి అనుకోవడం సహజమే. నా అభ్యంతరం భక్తి మీద కాదు, లెక్క ముగిసిందన్న ధీమా మీద. ఆ బిడ్డ బతుకు బాగుందో లేదో తేల్చాల్సింది ఎవరు? మొక్కుకున్న తల్లా, నయమైందని ఫైలు మూసిన డాక్టరా, ఆ ఒంటితోనే ఇంకో యాభై ఏళ్లు గడపాల్సిన మనిషా?

ఈ ప్రశ్న పూర్వం పుట్టే వీలే లేదు. 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది, అంతే. ఆ మందు తయారైంది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఈ చికిత్సలో ఉంది. ఇవాళ సంపన్న దేశాల్లో ఈ పిల్లలు పదిమందిలో తొమ్మిదిమంది దాకా దక్కుతున్నారు. అయితే జబ్బును తరిమిన చికిత్సే మచ్చలూ మిగల్చవచ్చు. ఆంత్రాసైక్లిన్ మందులు గుండెను, స్టెరాయిడ్లు ఎముకలను, తలకిచ్చిన రేడియేషన్ చదువునూ ఎదుగుదలనూ దెబ్బతీయగలవు. బాల్యంలో రకరకాల కాన్సర్లు వచ్చి బతికిన పదివేల మందికి పైగా అమెరికా, కెనడా వాసులను పరిశీలించి 2006లో వెలువరించిన లెక్క ప్రకారం, 30 ఏళ్లు గడిచేసరికి 73 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక సమస్య వస్తుంది. విచిత్రమేమిటంటే, అలాంటివాళ్లనే అడిగితే ఎక్కువమంది జీవితం తృప్తిగానే ఉందన్నారు. అంటే రోగాల జాబితా చూసి బతుకు విలువ కట్టలేం. అమ్మవారి దగ్గర ఒప్పుకోని మధ్యవర్తిత్వాన్ని ఇక్కడా ఒప్పుకోకూడదు. ఆ మనిషినే అడగాలి.

వాళ్లే బాగున్నామంటే ఇక చెప్పేదేముంది అనవచ్చు. ఉంది. గుండె బలహీనత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు. తెలియని ముప్పు గురించి తృప్తి సాక్ష్యం చెప్పలేదు. నిజం చెప్పకుండా అడిగే ప్రశ్న అడగనట్టే. 'ఆడపిల్ల, చెబితే పెళ్లెలా అవుతుంది?' అన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం, దాని వెనక ఉన్న భయం అబద్ధం కాదు. కానీ దాచిన చరిత్ర కాన్పు సమయంలో ఆమె గుండె మీదికే రావచ్చు, అప్పుడు డాక్టరుకూ తెలియదు. అంతా కర్మఫలం అనేవారికి ఒక్క మాట: కర్మ అనుభవించేవాడిది, పక్కవాడి కర్తవ్యాన్ని అది రద్దు చేయదు. మందే అందని పిల్లలున్న దేశంలో నయమైనవాళ్ల గురించి ఈ ఆరా విలాసం కదా అంటారా, ఏ మందు ఎంత మోతాదులో వాడారో రాసిన కాగితానికి ఖర్చేముంది? అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలోనైనా, మరెక్కడైనా, చికిత్స పూర్తయిన రోజున ఆ కాగితం అడిగి తీసుకోండి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక వాళ్ల చేతికే ఇవ్వండి.