హిమమార్గము – శరణాగతి

తీర్థయాత్రకు సంకల్పించిన గృహస్థుని మనస్సులో మొదట నిలుచునది స్వామి దివ్యమంగళ విగ్రహము, మార్గము కాదు. పసుపు బట్టలో ముడుపు కట్టి, మంచి దినము చూచుకొని, బంధుమిత్రులకు చెప్పి బయలుదేరిన పిమ్మట కాలు ముందుకే సాగవలెనని అతడు కోరును. కాని కొండలకును, మేఘములకును మన ప్రయాణ ముహూర్తములతో పనిలేదు. ఆకాశము కమ్ముకొని, మంచు తెరలు తెరలుగా రాలి, రహదారి కనుమరుగై, అధికారులు వాహనములను నిలిపివేసిన వేళ భక్తుని యెదుట ఒక ప్రశ్న నిలుచును. స్వామిపై భారము వైచి ముందుకు పోవుట భక్తియా? ఆగిపోవుట విశ్వాసలోపమా? ఇది పైకి ప్రయాణ విషయమువలె కనబడినను శరణాగతి తత్త్వమునకు సంబంధించినది. కావున కొంత విచారింతము.

ఈ విచారణకు బదరికాశ్రమమును మించిన నెలవు లేదు. 108 దివ్యదేశములలో ఒకటైన ఈ క్షేత్రమును పెరియాళ్వారు, తిరుమంగైయాళ్వారు తమ పాశురములలో కీర్తించిరి. నరనారాయణ పర్వతముల నడుమ, అలకనందా తీరమున, సముద్రమట్టమునకు సుమారు 3,100 మీటర్ల యెత్తున శ్రీ బదరీనారాయణుడు పద్మాసనస్థుడై ధ్యానముద్రలో వేంచేసియున్నాడు. శీతకాలమున మధ్యధరా సముద్రపు దిక్కునుండి తరలివచ్చు వాయు అలజడులు హిమాలయములను తాకి అచ్చట విస్తారముగ మంచు కురిపించును. ఒక పొర గట్టిపడిన పిమ్మట దానిపై మరియొక పొర కురిసినచో, పై పొర పట్టుదప్పి ఒక్కసారిగా జారిపడవచ్చును. దానినే మంచుచరియ విరుగుట యందురు. ఎండ తగులని మలుపులలో పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి గాజుపలకవలె రహదారిని కప్పును. అది కంటికి తడినేలవలె తోచును; చక్రము దానిపై నిలువదు.

ఈ కాలధర్మము నెరిగియే మన పెద్దలు బదరిలో ఒక వ్యవస్థ నేర్పరచిరి. ప్రతి సంవత్సరము విజయదశమి నాడు ఆలయ కవాటములు మూయు దినమును ప్రకటింతురు. సామాన్యముగ నవంబరు మాసములో కవాటములు మూయబడును. అంతకు ముందు, సమీపమునగల మాణా గ్రామ స్త్రీలు నేసిన కంబళికి నేయి పూసి స్వామికి కప్పుదురు. ఉద్ధవుని మూర్తియు, కుబేరుని మూర్తియు దిగువనున్న పాండుకేశ్వరమునకు వేంచేయును. ఆదిశంకరుల గద్దె జ్యోతిర్మఠములోని నరసింహస్వామి ఆలయమునకు చేరును. శీతకాల పూజలు ఆ దిగువ క్షేత్రములయందు జరుగును. ఆ ఆరు మాసములు బదరిలో నారదాది దేవర్షులు, దేవతలు స్వామిని అర్చింతురని సంప్రదాయము. మరల వసంతపంచమి నాడు నరేంద్రనగర రాజప్రాసాదమున కవాటములు తెరచు దినమును నిర్ణయింతురు.

ఈ యాచారమును శ్రద్ధతో పరికించినచో ఒక మహోపదేశము గోచరించును. అర్చన ఆగలేదు, స్థలము మాత్రమే మారినది. కొండను సృజించినవాడే కొండ నియమమును మన్నించి, తన పరివారమును దిగువకు పంపుచున్నాడు. ఉద్ధవుని మించిన భక్తు డెవ్వడు? అతడే మంచునకు ముందు కొండ దిగుచుండగా, "మంచు పడుచున్నదని వెనుదిరిగిన నా భక్తి తక్కువదగునా?" యని సామాన్య యాత్రికుడు చింతించుట తగదు. సంచారమే వ్రతముగాగల సన్న్యాసులకు సైతము చాతుర్మాస్య నియమము కలదు. వర్షకాలమున వారొకచోట నిలిచి జపధ్యాన ప్రవచనములతో కాలము గడుపుదురు. నిలుచుట యాత్రకు విఘాతము కాదనియు, యాత్రాధర్మములో అది యొక భాగమనియు మన సంప్రదాయము ఎన్నడో నిర్ణయించినది.

అయినను "స్వామియే చూచుకొనును" అను మాట యొకటి కలదు. మన యిండ్లలో తరతరములుగా వినబడు పవిత్ర వాక్యమిది. దీని అర్థమేమి? శరణాగతికి ఆరు అంగములు చెప్పబడినవి. స్వామికి అనుకూలముగ నుండవలెనను సంకల్పము, ప్రతికూలమైన దానిని విడిచిపెట్టుట, ఆయన రక్షించునను మహావిశ్వాసము, రక్షకునిగా ఆయననే వరించుట, ఆత్మసమర్పణము, కార్పణ్యము అనగా తన చేతకానితనమును ఎరుగుట. మూసిన దారిలో బండిని ముందుకు నడిపింపుమను వాడు ఈ ఆరింటిలో మహావిశ్వాసమొక్కటి తనకు కలదని తలంచును. కాని కార్పణ్య మేమైనది? "ఈ మంచు నా శక్తికి మించినది" అని ఒప్పుకొనుటయే గదా కార్పణ్యము! తన సంకల్పమే నెరవేరవలెనని పట్టుబట్టి, దానికి స్వామి పేరు పెట్టుట ఆత్మసమర్పణ మెట్లగును?

మరియొక విషయము. జీవుడు స్వామికి శేషభూతుడని విశిష్టాద్వైతము బోధించుచున్నది. అనగా ఈ దేహము, ఈ ప్రాణము మన సొత్తు కావు. కైంకర్యము నిమిత్తము ఆయన మనకు అప్పగించినవి. యజమాని సొమ్మును పందెమొడ్డు సేవకుని మనము మెచ్చుకొందుమా? ఈ సందర్భమున మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములు స్మరింపదగినవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచి తీసికొనిపోవును. జీవుని ప్రయత్నము ఎంతవరకను విషయమున ఆచార్యులు ఈ రెండు దృష్టాంతములను చెప్పిరి. రెంటిలో నేది గ్రహించినను సరియే. తల్లి పట్టుకొనునో లేదో చూతమని కొమ్మమీదినుండి దూకు పిల్ల ఆ రెండు న్యాయములలోను లేదు.

"పూర్వులు కాలినడకన బదరికి పోలేదా? వారు కష్టమునకు వెరచిరా?" అని యొకరు ప్రశ్నింపవచ్చును. నిజమే. మోటారు మార్గము పడక పూర్వము యాత్రికులు దినమునకు కొన్ని క్రోసులు నడచి, 'చట్టి' యను మజిలీలలో విశ్రమించుచు పోయెడివారు. హనుమాన్ చట్టి మున్నగు పేర్లు నేటికిని ఆ జ్ఞాపకమును నిలుపుచున్నవి. వారు చలిని, ఆకలిని, కాళ్ల బొబ్బలను సహించిరి. కాని మంచు కరగువరకు కాచుకొనిరి. చీకటి పడకమునుపే చట్టికి చేరిరి. కష్టమును సహించుట తపస్సు. అపాయమును కొనితెచ్చుకొనుట తపస్సు కాదు. కష్టమునకు ఫలము మనము అనుభవింతుము. అపాయమునకు ఫలము తరచుగా ఇతరులు అనుభవింతురు.

ఈ 'ఇతరుల'ను గూర్చి యాత్రికులు తలంచుట అరుదు. 2025 ఫిబ్రవరి 28వ తేదీన, బదరీ కవాటములు మూసియున్న కాలమున, మాణా సమీపమున సరిహద్దు రహదారి పనివారి శిబిరముపై మంచుచరియ విరిగిపడినది. 54 మంది పనివారు అందులో చిక్కుకొనిరి. సైనికులును, ఇతర రక్షక దళములవారును మూడు దినములు శ్రమింపగా 46 మంది ప్రాణములతో బయటపడిరి, ఎనమండుగురు మరణించిరి. ఆ మార్గమున మంచు తొలగించుట వారి పని. వేసవిలో మన వాహనములు సుఖముగ సాగు రహదారిపై, శీతకాలమున ఎవరి చేతులు పనిచేయుచున్నవో ఆనాడు లోకమునకు తెలిసినది. మూసిన దారిలో మన బండి చిక్కుకొన్నచో పార పట్టుకొని వచ్చువారును ఇట్టివారే. మన మొక్కును తీర్చుకొనుటకు వారి ప్రాణమును ఒడ్డు హక్కు మనకు కలదా?

వాహనము నడుపువాని సంగతియు ఇట్టిదే. యాత్రా మాసములలో సంపాదించినదానితో సంవత్సరమంతయు కుటుంబమును పోషించుకొనువా డతడు. దారి బాగుగ లేదని అతని కన్ను చెప్పుచున్నను, బాడుగ ఇచ్చు పదిమంది "పోనిమ్ము, స్వామి యున్నాడు" అన్నచో కాదనుట అతనికి కష్టము. అట్టి మాట అతని చెవికి ఆజ్ఞగా వినబడును. కావున కొండదారిలో భక్తుడు పలుకదగిన మాట వేరు: "నాయనా, నీకు ఆగవలెనని తోచినచో ఆగుము, మేమేమియు అనుకొనము." ఈ యొక్క మాట ఒక కైంకర్యమే.

మన తిరుమల కొండపై మంచు పడదు. కాని కార్తిక మార్గశీర్షములలో బంగాళాఖాతపు వాయుగుండములు ఇట్టి పరీక్షనే తెచ్చును. 2021 నవంబరులో కురిసిన కుంభవృష్టికి శ్రీవారిమెట్టు మార్గము దెబ్బతిని కొన్ని మాసములు మూతపడినది. ఆ డిసెంబరు 1వ తేదీన రెండవ ఘాట్ రోడ్డుపై బండరాళ్లు విరిగిపడి రహదారి ధ్వంసమైనది. ఆ దినములలో రాలేకపోయిన టిక్కెట్టుదారులకు మరియొక దినమున దర్శనము చేసికొను అవకాశము కల్పింపబడినది. దర్శనమునకు దినము మారవచ్చునని దేవస్థానమే అంగీకరించుచుండగా, మారరాదని పట్టుబట్టువారము మనము.

ఈ పట్టుదలకు కారణము మనలోనే కాదు, మన యింటివారి మాటలలోను కలదు. స్వామిని దర్శింపక తిరిగివచ్చిన వానిని ఇరుగుపొరుగు అడుగు మొదటి ప్రశ్న: "అంత దూరము పోయి చూడకుండనే వచ్చితిరా?" మరియొకరు, "ఏదో దోషము చేసియుందురు, స్వామి రానీయలేదు" అందురు. ఈ మాటలకు వెరచి మంచులో బండి తోలించువా రెందరో! వైష్ణవ గృహములందు ఈ పలుకులు మానవలెను. తిరిగివచ్చిన వానికి కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చి, "క్షేమముగ వచ్చితిరి, అదియే ప్రసాదము" అనవలెను. ముడుపు మరల దేవుని మందసములో భద్రపరచవలెను. వాయిదా పడిన మొక్కు మాటదప్పిన మొక్కు కాదు.

ఇక ఆగినవాడు ఆ చోట ఏమి చేయవలెను? దీనికి సమాధానము తిరుక్కోవలూరు క్షేత్రమున కలదు. ఒకనాటి రాత్రి గాలివాన చెలరేగి, కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి కమ్మినది. పొయ్‌గైయాళ్వారు ఒక గృహపు గడపయొద్ద ఇరుకు నడవలో తలదాచుకొనెను. ఒక్కడు పరుండుటకు చాలిన చోటది. ఇంతలో పూదత్తాళ్వారు వచ్చి తలుపు తట్టెను. ఇరువురు కూర్చుండవచ్చునని ఆయనను లోనికి పిలిచెను. పిదప పేయాళ్వారు వచ్చెను. ముగ్గురు నిలువవచ్చునని ఆయనకును చోటిచ్చిరి. అప్పుడు నాలుగవవా డెవ్వడో నడుమ జొరబడి ఒరిపిడి కలిగించినట్లు తోచెను. ఆ నాలుగవవాడు శ్రీమన్నారాయణుడే. ముగ్గురి నోట మూడు తిరువందాదులు వెలువడినవి. అవి దివ్యప్రబంధమున చేరినవి. అచ్చటి స్వామికి దేహళీశుడని, అనగా గడపయొద్ద వెలసిన ప్రభువని పేరు.

ఆ మహనీయులు గాలివానలో నడచిపోయి యుండినచో ఆ రాత్రి ఆ నడవలో కలిసికొనెడివారు కారు. ముందుగా చేరినవాడు "చోటు లేదు" అని తలుపు వేసికొన్నచో ఆ దర్శనము కలిగెడిది కాదు. దారి మూసిననాడు జ్యోతిర్మఠములోనో, పాండుకేశ్వరములోనో ఒక గదిలో పదిమంది ఇరుకుకొని కూర్చున్న తెలుగు యాత్రికులు ఈ కథను స్మరింపవలెను. కంబళి ఒకటి యెక్కువ యున్నచో వణకుచున్న వృద్ధునకు కప్పవలెను. తెచ్చుకొన్న అటుకులు, పొడులు పంచుకొనవలెను. భాష తెలియనివానికి అధికారుల మాట విడమరచి చెప్పవలెను. విష్ణుసహస్రనామ పారాయణము చేయవలెను. నృసింహుని సన్నిధి, యోగధ్యానబదరి సన్నిధి చెంతనే యుండగా దర్శనమునకు లోటేమి?

బయలుదేరునప్పుడే కొన్ని జాగ్రత్తలు పాటించినచో ఆగుట సులభమగును. తిరుగు ప్రయాణమునకు రైలు దినమును బిగించుకొనక రెండు మూడు దినములు సడలింపు ఉంచుకొనవలెను. రాత్రివేళ కొండదారిలో ప్రయాణింపరాదు. తడిసిన బట్టలను వెంటనే మార్చుకొనవలెను. గుండె, ఊపిరితిత్తుల వ్యాధిగలవారు వైద్యుని సలహా లేక అంత యెత్తునకు పోరాదు. చిన్న రాళ్లు రాలుచున్నచోట బండి నిలుపరాదు. వాతావరణ హెచ్చరికను స్వామి హితవుగ గ్రహింపవలెను.

అయినను ఒక దుఃఖమున్నది. దానిని దాచుట సత్యము కాదు. ఏండ్ల తరబడి కూడబెట్టి, మోకాళ్ల నొప్పితో జ్యోతిర్మఠము వరకు వచ్చి, అక్కడినుండి వెనుదిరిగిన వృద్ధమాతకు "వచ్చే సంవత్సరము చూతము" అనుమాట ఊరట కాదు. ఆమెకు వచ్చే సంవత్సరమున్నదో లేదో! ఆమె కంటినీటిని అవివేకమని త్రోసిపుచ్చరాదు. ఆళ్వారులు అనుభవించిన విరహమునకు ఆ కన్నీరు చుట్టము. నమ్మాళ్వారు కురుగూరులో చింతచెట్టు నీడను విడిచి కదలలేదనియు, దివ్యదేశముల పెరుమాళ్లే ఆయన సన్నిధికి వేంచేసి పాశురములు పాడించుకొనిరనియు మన పెద్దలు చెప్పుదురు. కదలలేనివాని కడకు కదలివచ్చుట స్వామికి క్రొత్త కాదు. ఆ తల్లి ప్రక్కన కూర్చుండి ఈ కథ చెప్పుట, ఆమెను జాగ్రత్తగ కొండ దింపుట తోడి యాత్రికుల ధర్మము.

దారి తెరచిననాడు నడిపించువాడును, మూసిననాడు నిలిపియుంచువాడును ఒక్కడే. నడుచుటయందును నిలుచుటయందును మన బుద్ధిని తన చిత్తమునకు అనుకూలముగ నుంచి, మార్గమున శ్రమించు వారినందరిని ఆ బదరీనారాయణుడు, ఆ శేషాచలవాసుడు రక్షించుగాక!